మా అమ్మ పురుగుల మందు తాగలేదు

ఆ రోజు మధ్యాహ్నం నేను తొమ్మిదో తరగతి పిల్లలకు పాఠం చెబుతుండగా అమ్మ ఫోన్ చేసింది. బడి వేళలో అమ్మ ఎప్పుడూ ఫోన్ చేయదు. వరండాలోకి వచ్చి ఎత్తాను.

"పాపా, ఆటోలో వస్తాండా," అంది. ఆ మాటలు అమ్మవే, పలికిన తీరు మాత్రం అమ్మది కాదు. ఒక్కో అక్షరం నోట్లో నలిగి బయటికి వస్తోంది. "కండ్లు నిలస్తాల్యా పాపా. నిద్దర వస్తాంది. ఈ వదిన పక్కనే ఉండాది..."

"ఏ వదినమ్మా? ఎవరి ఆటో?" అని అడిగేలోగా ఫోన్ ఆగిపోయింది. మళ్లీ మళ్లీ చేశాను. మోగింది కానీ ఎవరూ ఎత్తలేదు.

మాది ఎమ్మిగనూరు. నాన్న రంగన్న మార్కెట్ యార్డులో హమాలీ. అమ్మ సుంకమ్మ పత్తి చేలల్లో కూలి చేస్తుంది. మా రెండు కుటుంబాల్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేను. ఒక ప్రైవేటు పాఠశాలలో సైన్సు బోధిస్తున్నాను. ఆదోనిలో మా పెద్దమ్మ కూతురు ప్రసవిస్తే, బాలింతను చూడటానికి అమ్మ వెళ్లి, ఆ రోజు తిరిగి బయలుదేరింది. ఆరోగ్యంగా వెళ్లిన మనిషి. బీపీ లేదు, షుగర్ లేదు. జీవితంలో ఆసుపత్రి మంచం ఎక్కింది నన్ను కన్నప్పుడు ఒక్కసారే.

చివరి పిరియడ్ నడుస్తుండగా అమ్మ ఫోన్ నుంచే మళ్లీ పిలుపు వచ్చింది. ఈసారి మాట్లాడింది ఒక మగ మనిషి.

"ఈ ఫోను మనిషి నీకేమైతాదమ్మా?"

"మా అమ్మ. మీరెవరండీ?"

"నా పేరు హుసేనప్ప. ఆదోని రోడ్డు పక్కన మాది పత్తి సేను. మీయమ్మ గట్టు మీద పడిపోయి ఉండాది. మందు తాగినట్లుందమ్మా. సబ్బునీళ్లు తాపి కక్కిస్తాండాం. బిన్నా రాండి." ఆయన వెనక నుంచి ఇంకెవరో గట్టిగా చెబుతున్నారు: "ఇంగో చెంబు తాపు, లోపలుండేదంతా రావల్ల."

"మా అమ్మ మందు తాగదండీ," అన్నాను. అటువైపు ఆయన ఎంతో ఓపికగా, "ముందు అందరూ అట్లే అంటారమ్మా," అన్నాడు.

ఈ వ్యాసం చదువుతున్నవారు మా ప్రాంతం వారైతే వివరించనక్కర లేదు. కానివారికి చెబుతున్నాను. పత్తి పండే ఊళ్లలో ఒక మనిషి స్పృహ తప్పి చేను దగ్గర కనిపిస్తే ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన పురుగుల మందే. అమ్మ పడి ఉన్న చోటికి దగ్గరలో ఎవరో పిచికారీ చేసి పారేసిన ఖాళీ డబ్బా కూడా ఉందట. ఇక ఎవరికీ సందేహం రాలేదు. అమ్మ చెవులకు కమ్మలు లేవు. ఎడమ చెవి తమ్మె చీలి రక్తం మెడ మీదికి కారింది. మెడలో తాళి లేదు. ఇవన్నీ కళ్లెదుట ఉన్నా, అందరూ చూసింది ఆ ఖాళీ డబ్బానే. నడుముకు దోపుకున్న వక్కాకు సంచిలోని ఆ చిన్న పాత ఫోన్ ఒక్కదాన్నే దొంగలు ముట్టలేదు.

హుసేనప్ప ఒక ఆటో పిలిపించి అమ్మను ఎమ్మిగనూరులోని ఒక చిన్న నర్సింగ్ హోమ్‌కు తెచ్చాడు. నేను చేరేసరికి అమ్మ బల్ల మీద ఉంది. పిలిస్తే పలకదు. చేయి గిల్లితే కొద్దిగా లాక్కుంటుంది. గొంతులో గురక లాంటి తడి శబ్దం. డ్యూటీ డాక్టరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఇంట్లో ఏమైనా గొడవ జరిగిందా?"

"లేదు సర్. ఆదోని నుంచి వస్తూ ఫోన్ చేసింది. నిద్ర వస్తోందని చెప్పింది. మాట ముద్దగా ఉంది. చూడండి, చెవి చీలింది, కమ్మలు లేవు."

"అవన్నీ తర్వాత. ముందు ప్రాణం. ఇది ఓ.పి. పాయిజనింగ్, పురుగుల మందు కేసు."

"మందు వాసన లేదు కదా సర్?"

"సబ్బునీళ్లు కక్కిన మనిషి దగ్గర ఏ వాసన తెలుస్తుందమ్మా? మీరేం చదివారు?"

"బి.ఎస్సీ., బి.ఎడ్."

"మంచిది. బయట కూర్చోండి."

మూత్రానికి గొట్టం వేశారు. పురుగుల మందుకు విరుగుడుగా ఇచ్చే ఎట్రోపిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కాసేపటికి అమ్మ ముఖం ఎర్రబడింది, గుండె వేగం మానిటర్ మీద పెరుగుతూ పోయింది. అప్పటిదాకా కదలని చేతులు కదలడం మొదలైంది. కళ్లు తెరవకుండానే దుప్పటి మీద వేళ్లు ఆడిస్తోంది. ఒక చోట పట్టుకుని లాగి, ఒడిలో వేసుకుని, మళ్లీ పక్కన వెతుకుతుంది. పత్తి తీస్తోంది. అక్కడి నర్సు "మందు పని చేస్తోంది, కదలిక వచ్చింది" అంది. ఆ కదలిక తెలివి రావడం కాదని, అవసరం లేని ఎట్రోపిన్ తెచ్చిన డెలీరియం అనే మతిభ్రాంతి అని తర్వాత కర్నూలులో తెలిసింది. మంచానికి వేలాడుతున్న మూత్రం సంచి నిండితే ఆయా దాన్ని విప్పి సింకులో పారబోసి, కడిగి, మళ్లీ తగిలించింది.

నాన్న యార్డు నుంచి పరుగున వచ్చాడు. భుజం మీద గోతం పట్టా అలాగే ఉంది. అమ్మ తల దగ్గర నిలబడి, "ఎవురి మీద కోపంతో తాగితివే సుంకీ. నేనేమన్నా అంటినా," అని ఏడ్చాడు. ఇరవై ఏళ్లకు పైగా కాపురం చేసిన మనిషి. ఆయన కూడా నమ్మేశాడు. డాక్టరు మీద కంటే ఆ క్షణంలో నాకు నాన్న మీదే ఎక్కువ కోపం వచ్చింది. "నాన్నా, అమ్మ తాగలేదు. ఎవరో ఇచ్చారు," అన్నాను. ఆయన నా తల మీద చేయి వేసి, "ఊరుకోమ్మా," అన్నాడు, చిన్నపిల్లకు చెప్పినట్లు.

సాయంత్రానికి అమ్మ ఊపిరి చెడింది. "మా దగ్గర వెంటిలేటర్ లేదు, కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోండి," అని ఒక చీటీ రాసిచ్చారు. అందులో పురుగుల మందు సేవించిన కేసు అని ఉంది. అంబులెన్సులో ఆ చీటీ నా చేతిలోనే ఉంది. చించి పారేయాలనిపించింది. చించలేదు. చికిత్స ఆగిపోతుందేమోనని భయపడ్డాను.

కర్నూలులో అమ్మను చూసిన డాక్టరమ్మ ఆ చీటీ చదివి పక్కన పెట్టి, అమ్మ కంటి రెప్పలు ఎత్తి టార్చి వేసి చూసింది. చెమట ఉందేమోనని చంకలు తాకి చూసింది. నన్ను అడిగింది.

"ఆఖరిసారి ఆమెతో మాట్లాడింది ఎవరు?"

"నేనే మేడమ్."

"ఏమన్నారు? ఆమె మాటల్లోనే చెప్పండి."

చెప్పాను. ఆ రోజు నా మాట పూర్తిగా విన్న మొదటి మనిషి ఆమె. "మొదట చూసినప్పుడు నోటి నుంచి చొంగ కారిందా? చెమట పట్టిందా? విరేచనం అయిందా?" అని అడిగింది. ఏదీ లేదన్నాను. పురుగుల మందు తాగితే అవన్నీ కనిపించాలట. ఊపిరి నిలబెట్టడమే ముందు పని. గొట్టం వేశారు, వెంటిలేటర్ మీద పెట్టారు, ఆ గొట్టాన్ని ఓర్చుకోవడానికి మిడజోలామ్ అనే మత్తు మందు ఎక్కించారు.

మరునాడు రెండు విషయాలు తెలిశాయి. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లబడింది. "యాస్పిరేషన్ న్యుమోనియా. స్పృహ లేని మనిషి నోట్లో ఏది పోసినా సగం ఊపిరితిత్తుల్లోకే పోతుంది. సబ్బునీళ్లు మరీ ప్రమాదం," అంది డాక్టరమ్మ. రెండోది రక్త పరీక్ష. కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ మామూలుగా ఉంది. పురుగుల మందు ఒంట్లోకి వెళ్లి ఉంటే అది పడిపోయి ఉండాలట. "మీరు చెప్పిందే నిజం కావచ్చు. ఇది ఎవరో మత్తు మందు కలిపి ఇచ్చిన లక్షణం. బహుశా బెంజోడయజెపిన్ జాతి."

"అయితే పరీక్ష చేయించండి మేడమ్. మూత్రంలో తెలుస్తుంది కదా."

"ఇక్కడి పరీక్ష ఆ జాతి మందు ఉందా లేదా అని మాత్రమే చెబుతుంది. వెంటిలేటర్ కోసం మేమిచ్చిన మిడజోలామ్ కూడా ఆ జాతిదే. ఇప్పుడు పాజిటివ్ వస్తే అది వాళ్లదా మాదా? మొదటి ఆసుపత్రిలో తీసిన మూత్రం ఉందా?"

ఆ సంచి కడిగిన చప్పుడు నాకు వినిపించింది.

ఏ మందో వేరు చేసి చెప్పగలిగేది ఫోరెన్సిక్ ల్యాబ్ ఒక్కటే. అక్కడికి నమూనా పోలీసుల ద్వారానే వెళ్లాలి. ఆసుపత్రి అవుట్‌పోస్టులో కూర్చున్న పోలీసు ఆ పాత చీటీ చూసి, "కేసు పురుగుల మందని వచ్చింది కదమ్మా. మీ స్టేషనోళ్లు వచ్చి చూసుకుంటారు," అన్నాడు. వాళ్లు రాలేదు. డాక్టరమ్మ తన వంతుగా ఒక నమూనా తీసి పెట్టించింది. అడిగేవారు లేక అది ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది. చివరికి పనికిరాకుండా పోయింది. ఒక ముద్రపడిన చీటీ ముందు, ఒక రక్త పరీక్ష, ఒక చీలిన చెవి, ఒక కూతురు విన్న ఫోన్ మాట, ఈ మూడూ కలిసినా తూగలేదు.

ఆ రోజుల్లో హుసేనప్ప ఆసుపత్రికి వచ్చాడు. అరటిపండ్లు తెచ్చి కిటికీ గూట్లో పెట్టి, వార్డు బయటే నిలబడ్డాడు. సబ్బునీళ్ల సంగతి డాక్టరమ్మ చెప్పినట్లే చెప్పాను. నా గొంతులో మర్యాద లేదు. "మా తమ్ముడు మందు తాగి అదే సేనులో పడిపోయినాడమ్మా. ఏమీ తాపల్యా మేము, సేతులు ఆడక అట్లే సూస్తా నిలబడితిమి. ఆటో వచ్చేతలికి పోయినాడు. అప్పటినుంచీ మా ఊర్లో ఎవురు పడిపోయినా ముందు సబ్బునీళ్లే," అన్నాడు. ఆయన మీద కోపం నిలుపుకోలేకపోయాను. ఆ కోపం పోయి పడవలసిన చోట పడింది. మా పొలాలకు ఇంత చావు అలవాటైందని తెలిసిన దొంగలే, దోచుకున్న మనిషిని పత్తి చేను గట్టు మీద దించి పోతారు. రోడ్డు పక్కన దించితే దోపిడీ అంటారు. చేను పక్కన దించితే ఆత్మహత్య అంటారు. వాళ్లు ఆలోచించి దించారో లేదో నాకు తెలియదు. ఫలితం మాత్రం అదే.

వెంటిలేటర్ తీశాక కూడా అమ్మ తేరుకోవడం నేరుగా సాగలేదు. జ్వరం తగ్గి మళ్లీ వచ్చింది. యాంటీబయాటిక్ మార్చారు. మగతలో వేళ్లు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. పక్క మంచం రోగికి తోడుగా ఉన్న ఒక అవ్వ, "ఈయమ్మ నిద్దట్లో గూడ పత్తి తీస్తానే ఉండాది. సేను గలాయనకు సెప్పండప్పా, కూలి రాసుకుంటాడు," అనేది. వార్డులో నేను నవ్వింది ఆ ఒక్క మాటకే.

అమ్మ గొంతు గొట్టం వల్ల బొంగురుపోయింది. తెలివి వచ్చాక చెవి తడుముకుని మొదట అడిగింది, "నా కమ్మలేవి?"

నాన్న ముందుకు వంగి, "అవి పోతే పోనీ. యాల తాగితివి సుంకీ?" అన్నాడు.

అమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఏమి తాగినా? మజ్జిగ తాగినా."

"మందు తాగినావంట కదా."

"ఎవురు సెప్పినారు? నీకు బుద్ధుందా? నేను సస్తే ఈ పాపకు ముద్ద ఎవురు సేసి పెడతారు, నువ్వా?"

నాన్న తల వంచుకుని గట్టిగా ఏడ్చాడు. ఈసారి నాకు కోపం రాలేదు.

అమ్మ కొద్దికొద్దిగా చెప్పింది. ఆదోనిలో బస్సు కోసం కూర్చుంటే పక్కన ఒకామె వచ్చి కూర్చుంది. "వదినా" అని పలకరించింది. అమ్మలాంటి చీరే, అమ్మలాంటి చేతులే. పెద్దమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె, గురెళ్ల పొడి అమ్మ విప్పింది. పక్కన మనిషి ఉండగా తానొక్కతే తినడం అమ్మకు తెలియదు. సగం విరిచి ఇచ్చింది. ఆమె తిని, తన సీసాలోని కారం మజ్జిగ మూతలో పోసి ఇచ్చింది. అమ్మ తాగింది. తర్వాత, "మా మరిది ఆటో ఉండాది, ఎమ్మిగనూరుకే పోతాంది, రా వదినా," అంటే ఎక్కింది.

"తెలియని మనిషి ఇస్తే ఎందుకు తాగావమ్మా?" అని అడిగాను.

"తెలియని మనిషి యాడిది? నా రొట్టె తిన్న్యాది కదా," అంది అమ్మ.

మా కూలి చేలల్లో మధ్యాహ్నం సద్ది విప్పే పద్ధతి తెలిసినవారికి ఆ మాట అర్థమవుతుంది. ఒకరి రొట్టె, ఒకరి పొడి, ఒకరి మజ్జిగ. ఊరు అడగరు, పేరు కూడా ఒక్కోసారి అడగరు. పగ ఉన్నవాళ్లు మాత్రమే ఇచ్చింది వద్దంటారు. తన తిండి తీసుకున్న మనిషి తిరిగి ఇచ్చింది కాదనడం అమ్మ దృష్టిలో ఆమె ముఖం మీద కొట్టినట్లే. ఆ దొంగకు ఇది తెలుసు. మా మధ్యలో పెరిగిన మనిషే అయి ఉండాలి. కమ్మల కంటే, తాళి కంటే ఆ నమ్మకాన్ని వాడుకున్నందుకు ఆమెను నేను క్షమించను.

ఆటో ఎక్కిన తర్వాత అమ్మకు ఏమీ గుర్తు లేదు. నాకు ఫోన్ చేసినట్లు కూడా గుర్తు లేదు. "మరచిపోవడం కాదు ఇది. ఆ మందు పని చేస్తున్నంతసేపు మెదడు జ్ఞాపకాన్ని తయారు చేసుకోదు. లేనిది తిరిగి రాదు," అంది డాక్టరమ్మ. ఒక మధ్యాహ్నం అమ్మ నా చేయి పట్టుకుని చాలా నెమ్మదిగా అడిగింది: "ఆటోలో నన్నింకేమి సేసినారో పాపా?" డాక్టరమ్మ అమ్మ అనుమతితో తెర వేసి పరీక్ష చేసి, అలాంటిదేమీ జరిగిన గుర్తులు లేవని చెప్పింది. అమ్మ వింది. నమ్మిందో లేదో నేను అడగలేదు. ఆ ప్రశ్న ఆమె నోట పలికించినవాళ్లు ఎక్కడో నిశ్చింతగా ఇంకొకరిని "వదినా" అని పిలుస్తూ ఉంటారు.

ఇంటికి వచ్చాక హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. మంచి మనిషే. కుర్చీలో కూర్చుని, నీళ్లు తాగి, నాన్నతో తగ్గు గొంతుతో అన్నాడు: "మందు కేసంటే ఇంటి మీదికి వస్తుందన్నా. కడుపునొప్పి తట్టుకోల్యాక తాగిందని రాసుకుంటా. అందరికీ అట్లే రాస్తాం. మీకేమీ ఇబ్బంది ఉండదు."

నాన్న నా వైపు చూశాడు. నేను కోలినెస్టరేజ్ రిపోర్టు తెచ్చేందుకు లేచాను. అంతలో లోపలి గదిలో గోడకు ఆనుకుని కూర్చున్న అమ్మ మాట్లాడింది. అప్పటికి ఆమెకు నాలుగు మాటలు కలిపితే ఆయాసం వచ్చేది.

"నా కడుపు బాగుందప్పా."

ఆయన తిరిగి చూశాడు.

"నా కడుపుకేమీ రాలేదు. సెవి తెగింది. ఇదో సూడు." అమ్మ కొంగు తీసి, కుట్లు పడిన చెవిని ఆయన వైపు తిప్పింది. "నేను సావాలనుకోల్యా. నన్ను మత్తు పెట్టి దోచుకున్న్యారు. నువ్వు రాసేటప్పుడు అది రాసుకో. రాసింది మా పాప సదువుతాది, నాకు వినిపిస్తాది. అప్పుడు పో."

ఆయన కొంచెంసేపు పెన్ను మూత తీసి వేస్తూ కూర్చున్నాడు. తర్వాత రాశాడు. నేను చదివి వినిపించాను. రెండు చోట్ల అమ్మ ఆపింది. "పడిపోయింది" అని ఉన్నచోట "పడేసినారు" అని మార్పించింది. మత్తు ఇచ్చి దోచుకున్న కేసుగానే నమోదైంది.

దొంగలు దొరకలేదు. దొరికినా కోర్టులో నిలబెట్టడానికి మా దగ్గర రసాయన సాక్ష్యం లేదు. అమ్మ ఇప్పుడు ఇంట్లోనే ఉంటుంది. వీధి చివరికి నడిచి వచ్చినా ఒకసారి కూర్చోవాలి. కుడి ఊపిరితిత్తిలో మచ్చ ఉండిపోయింది. పత్తి తీతకు పోవడం లేదు. పోలేకపోవడం కంటే, రొట్టె పంచి మోసపోయిందని చేలల్లో ఆడవాళ్లు తన సద్ది చూసి నవ్వుతారేమోనన్న సంకోచం ఆమెకు ఎక్కువ. మా వీధిలో ఇప్పటికీ కొందరికి ఆమె మందు తాగి బతికిన సుంకమ్మ. మొన్న నీళ్ల ట్యాంకర్ దగ్గర ఒకామె, "ఇంగ అట్లాంటి పని సేయద్దు వదినా, పిల్ల పెండ్లి కావల్ల," అని హితవు చెప్పింది. అమ్మ బిందె కింద పెట్టి, "కేసు కాయితం మా ఇంట్లో ఉండాది, వచ్చి సదువుకో," అంది. అంతే. ఆ మాటకే ఆయాసపడి, నా భుజం పట్టుకుని ఇంటికి వచ్చింది. నా కోపం తగ్గలేదు. తగ్గాలని నేను ప్రయత్నించడమూ లేదు.

పాఠకులకు ఒక్క మాట చెప్పడానికే ఇది రాశాను. మీ మనిషి ప్రయాణంలో ఉన్నట్టుండి మాట ముద్దై, మత్తులోకి జారి, స్పృహ లేకుండా దొరికితే, ఒంటి మీద నగలో సామానో మాయమై ఉంటే, ఆసుపత్రిలో అడుగు పెట్టగానే ఇలా చెప్పండి: "ఎవరో మత్తు మందు ఇచ్చి ఉండవచ్చు. మీరు ఇతర మత్తు మందులు ఎక్కించకముందే మొదటి మూత్రం, మొదటి రక్తం తీసి, పేరూ వేళా రాసి, సీలు వేసి, పోలీసులకు కబురు పెట్టండి." డాక్టరు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. మీరేం చదివారని అడిగితే అడగనివ్వండి. ఆ సీసా మూత బిగించేదాకా అక్కడి నుంచి కదలకండి. మా అమ్మ స్పృహలో లేని ఆ వేళ ఆమె తరఫున నిజం చెప్పగలిగింది ఆ మొదటి మూత్రం ఒక్కటే. దాన్ని సింకులో పారబోసి, నీళ్లు పోసి కడిగేశారు.